పిల్లల చేతి మట్టిగిన్నె

*మిషిగన్‌లో ఒక ఆర్ట్ టీచరు మొదలుపెట్టిన పని ఊరూరా పాకింది. మట్టీ, శిల్పులూ, అన్నదాతల చరిత్రా ఉన్న నంద్యాల సీమలో అది ఎందుకు జరగకూడదు?*

వినాయక చవితి దగ్గర పడిందంటే నంద్యాల బళ్లలో వరండాలన్నీ మట్టిమయం. ఎవరి చెరువు నుంచో ట్రాక్టరులో తెచ్చిన బంకమట్టి ఓ మూల కుప్పగా పడి ఉంటుంది. ఏడో తరగతి పిల్లలు గుండ్రంగా కూర్చుని ముద్దలు పిసుకుతుంటారు. బొజ్జ బాగా కుదిరినవాడికి తొండం ఊడిపోతుంది. తొండం నిలిచినవాడికి చెవి ఒకటే మిగులుతుంది. యూనిఫారం మీద మరకలు పడ్డాయని ఇంట్లో తిట్లు తప్పవని తెలిసీ ఎవరూ లేవరు. అల్లరికి పేరుపడ్డ పిల్లవాడు ఎలుక కాళ్లకు మట్టి అతికిస్తూ అరగంట సేపు నోరెత్తడు. మామూలు రోజుల్లో వాడిని అలా కూర్చోబెట్టడం ఏ టీచరు వల్లా కాదు.

పండుగ అయిపోతుంది. బొమ్మలు నీళ్లలో కలుస్తాయి. వరండా కడిగేస్తారు. మళ్లీ ఏడాది దాకా ఆ పిల్లల చేతికి మట్టి అంటదు.

ప్లాస్టర్ వద్దు, మట్టి గణపతే ముద్దు అని ఏటా ఊళ్లో చర్చ జరుగుతుంది. మంచిదే, జరగాలి. అయితే ఆ చర్చ నిమజ్జనంతోనే ఆగిపోతోంది. మట్టిని అంత ఇష్టంగా పట్టుకునే చేతులకు మిగతా పదకొండు నెలల్లో ఏం పని చెప్పొచ్చు? 36 ఏళ్ల కిందట అమెరికాలో ఒక బడి దీనికి జవాబు కనిపెట్టింది.

గిన్నె మీరే తీసుకెళ్లండి

డెట్రాయిట్ నగరానికి ఉత్తరాన బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్ అనే ఊరుంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్‌లోని లాసర్ హైస్కూల్లో జాన్ హార్టమ్ అప్పట్లో ఆర్ట్ టీచరు. 1990లో, ఆకలితో ఉన్నవాళ్ల కోసం బడి తరఫున విరాళాలు పోగుచేసే పని ఆయన మీద పడింది. డబ్బాలు పట్టుకుని చందాలు అడగడం అందరూ చేసేదే. ఆయన తన తరగతిలో ఉన్న మట్టి వైపు చూశాడు. పిల్లల చేత గిన్నెలు చేయించాడు.

బడి సిబ్బందిని భోజనానికి పిలిచారు. పిల్లలు చేసిన గిన్నెల్లోనే సూప్ పోశారు, పక్కన రొట్టె పెట్టారు. అంతకు మించి వడ్డన లేదు. తిన్నవాళ్లు విరాళం ఇచ్చారు. భోజనం ముగిశాక, ఎవరి గిన్నెను వాళ్లే ఇంటికి తీసుకెళ్లమన్నారు. లోకంలో ఇంకా ఖాళీగా ఉన్న గిన్నెలను అది గుర్తుచేస్తూ ఉండాలన్నది ఉద్దేశం.

ఈ పనికి ‘ఎంప్టీ బౌల్స్’ అని పేరు పెట్టారు. హార్టమ్, ఈ పనిలో ఆయనకు తోడైన లీసా బ్లాక్‌బర్న్ కలిసి దీన్ని బడి గోడలు దాటించారు. అమెరికా అంతటా బళ్లు, కాలేజీలు, కుమ్మరి సంఘాలు, చర్చిలు అందుకున్నాయి. తర్వాత ఇతర దేశాలకూ వెళ్లింది. ఇందులో నాకు బాగా నచ్చినది దాని నడక. ఏ ఊరికి ఆ ఊరే చేసుకుంటుంది. ఏ ఊరి గిన్నెల డబ్బు ఆ ఊరి అన్నశాలకో, ఆహార బ్యాంకుకో వెళ్తుంది. దూరాన ఉన్న పెద్ద సంస్థ పేరు చూసి చెక్కు రాయడం కాదు. మన వీధి చివర ఎవరు పస్తున్నారో ముందు తెలుసుకోవాలి.

లాసర్ హైస్కూలు ఇప్పుడు ఆ పేరుతో లేదు. 2013లో పక్కనున్న ఆండోవర్ హైస్కూలుతో కలిసి బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్ హైస్కూలు అయింది. బడి పేరు పోయినా గిన్నెల భోజనాలు ఆగలేదు.

---
బాక్స్: పింగాణీ పువ్వుల దానం

మొదటి ప్రపంచ యుద్ధం మొదలై వందేళ్లయిన సందర్భంగా 2014లో లండన్ టవర్ కందకంలో 8,88,246 పింగాణీ గసగసాల పువ్వులు నాటారు. ఆ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్, వలస రాజ్యాల సైనికులకు ఒక్కొక్కరికి ఒక పువ్వు లెక్క. పాల్ కమిన్స్ అనే సిరామిక్ కళాకారుడు, టామ్ పైపర్ అనే రంగస్థల రూపశిల్పి కలిసి చేశారు. పువ్వు ఒక్కొక్కటి 25 పౌండ్లకు అమ్మారు. వచ్చిన డబ్బులో వాటా సైనికుల సేవా సంస్థలకు వెళ్లింది.

---

కరువు తెలిసిన సీమ

ఆకలి గురించి నంద్యాల, ఆళ్లగడ్డ జనానికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ధాత కరువు పేరు తాతమ్మల నోట విన్న తరం ఇంకా ఉంది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని తుడిచిపెట్టిన ఆ కరువులో అందరికంటే ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో అప్పటి కర్నూలు ఒకటి. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. 1877లో బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని కత్తిరించాడు. రోజంతా మట్టి మోసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే సుమారు 450 గ్రాములు.

ఆ శతాబ్దపు కరువుల్లోనే ఆళ్లగడ్డకు దగ్గరున్న ఉయ్యాలవాడలో ఒక ఇంటి పొయ్యి ఆరలేదు. బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నం పెట్టించాడు. కాలినడకన ఎక్కడెక్కడి నుంచో జనం ఉయ్యాలవాడకు చేరారు. విక్టోరియా రాణి ప్రభుత్వం ఆయనకు పతకం ఇచ్చింది. జనం అంతకంటే పెద్దది ఇచ్చారు, పాట కట్టారు. సీమలో ఆ పాట ఇప్పటికీ పాడతారు. ఉయ్యాలవాడ అనగానే ఈ రోజు అందరికీ నరసింహారెడ్డి గుర్తొస్తాడు. 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఆ వీరుడి మీద సినిమా కూడా వచ్చింది. అదే మట్టిలో పుట్టిన అన్నదాతకు మాత్రం పాటే మిగిలింది. పిల్లల పాఠ్యపుస్తకాల్లో వెంగళరెడ్డికి ఇంకా పెద్ద చోటు దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను.

మళ్లీ 1952 కరువులో రాయలసీమ ఊళ్లలో గంజి కేంద్రాలు తెరిచారు. ఆ వరసల్లో నిలబడ్డవాళ్ల చేతుల్లో ఉన్నవి ముంతలు, చట్టెలు, సత్తు గిన్నెలు. సీమ ఇళ్లల్లో గంజి ముంతకు ఉన్న అర్థం మరోచోట దొరకదు. అందుకే ఖాళీ గిన్నె అనే ఆలోచన మిషిగన్‌లో పుట్టినా, దానికి సరైన నేల ఇక్కడుందని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు కేసీ కాలువ కింద కర్నూలు సోనా పండుతోంది. బళ్లలో మధ్యాహ్న భోజనం ఉంది. రేషను బియ్యం ఉన్నాయి. 1876 నాటి ఆకలి లేదు. అయినా ఆస్పత్రి వార్డుల బయట రోగికి తోడొచ్చి, చేతిలో డబ్బుల్లేక ఒక పూటే తినే అమ్మలున్నారు. పిల్లలు దూరదేశాలకు వెళ్లిపోగా వండుకునే ఓపిక లేని ముసలివాళ్లున్నారు. పని దొరకని రోజున బస్టాండులో పడుకునే వలస కూలీలున్నారు. వాళ్లకు అన్నం పొట్లాలు అందించే చిన్న చిన్న బృందాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వాటికి నెలనెలా డబ్బు కావాలి.

పాతపాడు గిన్నె

బనగానపల్లె పేరు చెబితే మామిడి గుర్తొస్తుంది. పురావస్తు శాస్త్రజ్ఞులకు మాత్రం దాని పక్కనున్న పాతపాడు గుర్తొస్తుంది. కుందూ లోయలో రాగి, రాతి పనిముట్లు కలిసి వాడిన కాలం నాటి మనుషులు చేసిన రంగుల మట్టిపాత్రలకు ఆ ఊరి పేరే పెట్టారు. ఎర్రటి పాత్ర మీద రంగు గీతలు. ఆ పాత్రల్లో బాగా పేరుపడింది గిన్నె. దాని అంచున పొడవాటి కాలువలాంటి ముక్కు ఉంటుంది, పాలో జావో ఒలకకుండా పోయడానికి. బనగానపల్లె దగ్గర రామాపురంలో 1980ల్లో కేంద్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపినప్పుడు కూడా ఆ కాలపు జీవితానికి సంబంధించిన ఆనవాళ్లు దొరికాయి.

మూడున్నర వేల ఏళ్ల కిందట ఇదే కుందూ ఒడ్డున ఒకరు మట్టి ముద్దను గిన్నె చేసి, అంచు తీర్చి, రంగు గీత గీశారు. నంద్యాల పిల్లలకు చరిత్ర పాఠం ఇంత దగ్గరగా దొరుకుతుంటే హరప్పా బొమ్మ ఒక్కటే చూపించి ఊరుకోవడం అన్యాయం. పాతపాడు ముక్కు గిన్నెను నమూనాగా పెట్టుకుని ఎనిమిదో తరగతి పిల్లలు గిన్నెలు చేస్తే, కొనేవాళ్లకు వాటి వెనుక కథ కూడా దొరుకుతుంది.

సారె తిప్పే మాస్టారు

మరి నేర్పేదెవరు? ఆర్ట్ టీచరు ఉన్న సర్కారు బడులు తక్కువ. కానీ కుమ్మరి వీధి లేని ఊరు కూడా తక్కువే. ఉగాది పచ్చడికి కొత్త కుండ, పెళ్లికి అరివేణి కుండలు, కార్తీకానికి ప్రమిదలు, ఎండాకాలానికి నీళ్ల కడవ. ఈ నాలుగు గిరాకీల మధ్య మిగతా ఏడాది సారె ఆగి ఉంటుంది. స్టీలు, ప్లాస్టిక్ వచ్చాక సంగటి చట్టి పోయింది. ఫ్రిజ్ వచ్చాక కూజా పోయింది. కొడుకులు ఆటోలకో, బేల్దారి పనికో వెళ్లిపోతున్నారు. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018లో కుమ్మరుల కోసం పథకం పెట్టి కరెంటు సారెలు ఇవ్వడం మొదలుపెట్టింది. కాలితోనో కర్రతోనో తిప్పే కష్టం కొంత తగ్గింది. గిరాకీ సంగతే మిగిలింది.

2020 జాతీయ విద్యావిధానంలో ఒక మాట ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని. ఆ నిపుణుల జాబితాలో కుమ్మరి పేరు స్పష్టంగా రాసి ఉంది. అంటే దారి కాగితం మీద ఉంది. కుమ్మరిని బడికి పిలిచి, కుర్చీ వేసి, ‘మాస్టారు’ అని పిలిపించి, రోజుకింత అని గౌరవంగా చేతిలో పెట్టడమే మిగిలింది. ఆ డబ్బు దానం లెక్కలో రాయకూడదు. అది ఆయన కష్టానికి జీతం.

ఆళ్లగడ్డ విషయం ఇంకో రకం. నంద్యాల నుంచి కడప వైపు హైవే మీద నలభై కిలోమీటర్లు పోతే ఉలి దెబ్బలు వినిపిస్తాయి. రోడ్డు పక్క షెడ్లలో సగం చెక్కిన నందులు, ద్వారపాలకులు, నాయకుల విగ్రహాలు వరసగా నిలబడి ఉంటాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇక్కడి విగ్రహాలు వేరే రాష్ట్రాల గుళ్లకు, విదేశాల్లోని గుళ్లకు వెళ్తాయి. రాయి మీద చెయ్యి వేయకముందే కొలతలు కుదరాలని శిల్పికి తెలుసు. రాతిలో తప్పు చెక్కితే దిద్దడానికి వీల్లేదు. మట్టిలో దిద్దుకోవచ్చు. గిన్నె అంచున ఒక తామర రేకు, ఒక నంది ముఖం, అహోబిలం గుర్తుగా ఒక సింహం ఎలా తీర్చాలో ఆ శిల్పులు ఒక ఆదివారం పూట పిల్లలకు చూపిస్తే చాలు. కుమ్మరి ఆకారం నేర్పుతాడు, శిల్పి అలంకారం నేర్పుతాడు. ఈ ఇద్దరూ ఒకే తాలూకాలో దొరికే చోట్లు రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి?

ఆవంలో ఏం జరుగుతుంది

గిన్నె చేయడం తేలికనుకుంటాం. మట్టిలో రాళ్లు, వేర్లు ఏరాలి. నానబెట్టాలి. గాలి బుడగ లేకుండా తొక్కాలి. మొదటిసారి చేసే పిల్లలకు సారె అక్కర్లేదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బొటనవేలు మధ్యలో దించి, తిప్పుతూ నొక్కుకుంటూ పోతే గిన్నె అవుతుంది. మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి నునుపు చేసినా అవుతుంది. గోడ ఒకచోట మందం, ఒకచోట పలుచన అయితే ఆరేటప్పుడు పగులుతుంది. ఎండలో పెడితే పగులుతుంది. నీడలో రోజుల తరబడి నెమ్మదిగా ఆరాలి. ఆరిన గిన్నె, కాలిన గిన్నె మొదట చేసినదానికంటే చిన్నవవుతాయని పిల్లలు కళ్లారా చూసి ఆశ్చర్యపోతారు. ఇది సైన్సు పాఠమే.

కాల్చడం అన్నిటికంటే కష్టం. లోపల తడి మిగిలి ఉంటే నీరు ఆవిరై గిన్నెను పేల్చేస్తుంది. పక్క గిన్నెలకూ దెబ్బ తగులుతుంది. పదిహేను రోజులు కష్టపడి చేసిన గిన్నె ఆవం తెరిచేసరికి రెండు ముక్కలై ఉంటే పదమూడేళ్ల పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తిరగనివ్వాలి. మార్కుల్లో ఓడిపోవడం తప్ప మరో ఓటమి తెలియకుండా పెంచుతున్న పిల్లలకు ఈ ఓటమి మేలు చేస్తుంది. రెండో గిన్నెను ఆ పిల్ల మరింత జాగ్రత్తగా ఆరబెడుతుంది.

---
బాక్స్: తినే గిన్నె, చూసే గిన్నె

ఆవంలో కాల్చిన మామూలు ఎర్రమట్టి పాత్రకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. నీళ్ల కడవ చల్లగా ఉండేది అందుకే. జావ పోసి మళ్లీ మళ్లీ కడిగి వాడాలంటే గ్లేజు పూత కావాలి. మన ఆవకాయ జాడీ మీద మెరిసేది అదే.

గ్లేజు వేయాలంటే మామూలుగా రెండుసార్లు కాలుస్తారు. మొదటిసారి సుమారు 900 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ దాకా. పూత పూశాక మళ్లీ, ఆ పూతకు తగ్గ వేడిలో. ఆవంలో ఈ వేడి నిలకడగా రాదు, కరెంటు బట్టీ లాంటిది కావాలి.

అన్నం తినే పాత్రకు సీసం లేని గ్లేజే వాడాలి. సీసం ఉన్న పూతలోంచి చింతపండు పులుసు, మజ్జిగ లాంటివి ఆ విషాన్ని బయటికి లాగుతాయి. రంగులు పూసిన అలంకార గిన్నె అయితే ‘తినడానికి కాదు’ అని అడుగున రాసి అమ్మాలి.

నెల్లూరు దగ్గరి గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా కళాశాల ఉంది. మట్టి పరీక్షకు, గ్లేజు సలహాకు బళ్లు అక్కడ అడగవచ్చు.

---

డబ్బు, మర్యాద

పిల్లల చేతిపనితో డబ్బు అనగానే కొందరికి భయం వేస్తుంది. అది న్యాయమైన భయం. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమ్ ప్రతిపాదించి, పిల్లలు చేసిన వస్తువుల రాబడితో బడి నడవాలన్నప్పుడు, బడి కార్ఖానా అవుతుందేమోనని అప్పుడే అభ్యంతరాలు వచ్చాయి. మన గిన్నెల పని ఆ దారి తొక్కకూడదు. తరగతికి ఇన్ని గిన్నెలని లక్ష్యం పెట్టకూడదు. ఎక్కువ అమ్మినవాడికి బహుమతి ఇవ్వకూడదు. బాగా వచ్చిన గిన్నెకు ఎక్కువ ధర, వంకర గిన్నెకు తక్కువ ధర పెట్టనే కూడదు. అన్నిటికీ ఒకటే ధర. మిషిగన్‌లో ఏ అతిథి తిన్న గిన్నె ఆ అతిథిదే అయింది. వంకర గిన్నెకూ అదే విలువ కట్టడం పిల్లలకు ఇచ్చే గౌరవం.

లెక్క కూడా సింపుల్‌గా ఉండాలి. అరవై గిన్నెలు, గిన్నెకు 300 రూపాయలు అనుకుందాం. 18 వేలు వస్తాయి. మట్టి, కట్టెలు, కుమ్మరి మాస్టారు జీతం, భోజనం ఖర్చు ఎవరైనా దాత ముందే భరిస్తే ఆ 18 వేలూ అన్నం పొట్లాల బృందానికి వెళ్తాయి. ఎంత వచ్చింది, ఎవరికి వెళ్లింది, రసీదు ఏది అన్నది బడి నోటీసు బోర్డు మీద పిల్లల చేతిరాతలోనే ఉండాలి. ఎక్కాల కంటే ఆ లెక్క వాళ్లకు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఇంకో మాట కచ్చితంగా చెప్పాలి. సాయం అందుకునేవాళ్లను వేదిక మీద నిలబెట్టి ఫొటోలు తీయవద్దు. అన్నం పొట్లం పట్టుకున్న ముసలమ్మ ముఖం పేపర్లో వేయడం నేను చాలాసార్లు చూశాను. ప్రతిసారీ బాధేసింది. ఫొటో కావాలంటే గిన్నె ఫొటో తీయండి. వెంగళరెడ్డి గాదె ముందు నిలబడ్డవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. ఆ మర్యాద ఈ సీమకు కొత్తదేం కాదు.

వడ్డనకు సూప్ వెతుక్కోవాల్సిన అవసరం మనకు లేదు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం తయారుచేసిన ‘సూర్యనంది’ కొర్ర రకం ఉంది. కొర్ర జావ, పక్కన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ ముక్క. ఒకప్పుడు పేదవాడి తిండి, ఇప్పుడు షుగరు డాక్టరు రాసిచ్చే తిండి. మండల అధికారి, బ్యాంకు మేనేజరు, సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు, ధాన్యం వ్యాపారి అందరూ బడి వరండాలో ఒకే వరసన కింద కూర్చుని, ఏడో తరగతి పిల్ల చేసిన గిన్నెలో జావ తాగాలి. వడ్డించేది పిల్లలే అయి ఉండాలి.

అక్టోబరు 16

ఆ రోజు ప్రపంచ ఆహార దినం. 1945లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఏర్పడిన తేదీ. చవితి అయ్యాక కొన్ని వారాలు చేతిలో ఉంటాయి. చవితికి తెచ్చిన మట్టిలో మిగిలినది పారబోయకుండా తడిగుడ్డ కప్పి ఉంచితే గిన్నెలకు అదే సరిపోతుంది. మొదటి ఏడాది గ్లేజు జోలికి పోవద్దు. ఊరి ఆవంలోనే కాల్చండి, అడుగున ఆకు పరిచి ఒక్క పూటకు వాడండి, తర్వాత దాన్ని ఇంట్లో గుర్తుగా ఉంచుకోండి. నంద్యాలలో ఒక బడి, ఆళ్లగడ్డలో ఒక బడి ముందుకొస్తే చాలు. మూడో బడిని అడగనక్కర్లేదు, అదే వస్తుంది.

హెడ్మాస్టర్లకు, తల్లిదండ్రుల కమిటీలకు ఒక విన్నపం. మీ ఊళ్లో సారె ఇంకా తిరుగుతున్న ఇల్లు ఏదో కనుక్కోండి. ఈ వారమే ఆ తలుపు తట్టి, ఆ పెద్దాయనను బడికి పిలవండి. రానుపోను ఖర్చులు, రోజుకూలీ ముందే మాట్లాడుకోండి. పిల్లలు సిద్ధంగానే ఉన్నారు.